ఆరేళ్లలోపు పిల్లలకు తెలుగు బొమ్మల పుస్తకాలు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి

షాపులో బొమ్మల పుస్తకం చేతికి తీసుకోగానే మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, అక్కడున్న తెలుగుని పైకి చదవండి. మనసులో కాదు, పక్కనున్నవాళ్లకు వినపడేలా. ఒక పేజీకి నాలుగైదుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. వాక్యం మధ్యలో నాలుక తడబడితే ఏ వయసు పిల్లలకూ పనికిరాదు. తెలుగులో పిల్లల పుస్తకాల రంగులు, కాగితం, అచ్చు ఇప్పుడు బాగానే ఉంటున్నాయి. దెబ్బ తినేది ఎక్కువగా మాట దగ్గరే. పడుకునే ముందు ఒకే పుస్తకాన్ని నెలరోజులపాటు రోజుకు మూడుసార్లు చదవమని అడిగే వయసు ఇది. నోటికి సుఖంగా లేని పుస్తకాన్ని నాలుగో రోజుకే పెద్దవాళ్లు దాచేస్తారు.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. బొమ్మలున్న పుస్తకం వేరు, బొమ్మల పుస్తకం వేరు. 1947లో మొదలైన చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ ఎంత గొప్పదైనా, అది తీసేస్తే బేతాళ కథ కథలాగే నిలబడుతుంది. అక్కడ కథను మోసేది మాట. చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలో మాట సగమే చెప్పాలి, మిగతా సగం బొమ్మ చెప్పాలి. కింద "కోడి ఎక్కడా కనపడలేదు" అని ఉండి, పైన బొమ్మలో గంప కింద నుంచి రెండు తోక ఈకలు బయటికి కనిపిస్తుంటే అది అసలైన బొమ్మల పుస్తకం. చదివే అమ్మకు తెలియనిది తనకు తెలిసిందని పిల్ల గట్టిగా అరిచి వేలు పెట్టి చూపిస్తుంది. అదే పేజీలో "కోడి గంప కింద దాక్కుంది" అని రాసేస్తే పిల్లకు చెయ్యడానికి ఇంకేమీ మిగలదు.

కాబట్టి రెండో పరీక్ష ఇది: పాఠం మీద అరచెయ్యి అడ్డంపెట్టి బొమ్మలు మాత్రమే చూస్తూ నాలుగు పేజీలు తిప్పండి. మాటల్లో లేని సంగతి పేజీకి ఒక్కటైనా దొరకాలి. మూలన ఒక చీమల బారు, ఎవరో ఒకరి ముఖంలో భయం, పేజీ పేజీకీ పెద్దదవుతున్న మబ్బు, ఏదైనా సరే. దొరక్కపోతే అది బొమ్మలు అతికించిన కథ. ఆరేళ్లు దాటాక చదువుకోవచ్చు, ఇప్పుడు తొందర లేదు.

ఈ రెండు పరీక్షలూ నెగ్గే పుస్తకం ఎలా ఉంటుందో చూడాలంటే చెన్నైలోని తూలిక అనే ప్రచురణ సంస్థ వేసిన "గజపతి కులపతి" చూడండి. రాసిందీ, బొమ్మలు వేసిందీ అశోక్ రాజగోపాలన్. జలుబు చేసిన పెద్ద ఏనుగు, దాని తుమ్ము, కథంతా అంతే. తుమ్ము వస్తుందా రాదా అన్న ఎదురుచూపు మీదే పుస్తకం నడుస్తుంది. చదివేటప్పుడు పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగి, గాలి లోపలికి పీల్చి, అప్పుడు తిప్పండి. రెండోసారి చదివేటప్పటికి పిల్లలే ముందుగా గాలి పీలుస్తారు. మూడోసారి తుమ్ము వాళ్లదే. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలకు ఏదైనా ఒక్క పుస్తకం చెప్పమంటే మేం ముందు చెప్పేది ఇదే.

ఇప్పుడు భాష సంగతి. మన బొమ్మల పుస్తకాల్లో చాలా భాగం అనువాదాలు. అనువాదం తప్పేమీ కాదు, కానీ ఇంగ్లీషు వాక్యం కింద నుంచి పొడుచుకొస్తే పిల్లల చెవికి వెంటనే తెలుస్తుంది. "అతను తన చేతులను కడుక్కున్నాడు" అని ఏ ఇంట్లోనూ అనరు. "చేతులు కడుక్కున్నాడు" అంటారు. "అక్కడ ఒక చెట్టు ఉంది, ఆ చెట్టు మీద ఒక పక్షి ఉంది" అనరు. "చెట్టు మీద పిట్ట" చాలు, మిగతాది బొమ్మలో ఉంది. పేజీలో "మరియు" కనపడినా, "తన" మూడుసార్లు వచ్చినా, "ఇవ్వబడింది" లాంటి క్రియ ఉన్నా ఆ పుస్తకం పెట్టేయండి.

చప్పుళ్లు ఇంకా ముఖ్యం. ఈ విషయంలో తెలుగుకు ఉన్న సంపద పెద్దది. నీళ్లలో రాయి పడితే బుడుంగు, కుండ పడితే ఢమాలు, వాన టపటపా, ఆకులు గలగలా, పిట్టలు కిచకిచా, కప్పలు బెకబెకా, బుడగ తుస్సు. ఇన్ని ఉండగా "స్ప్లాష్!" అనీ "బ్యాంగ్!" అనీ తెలుగు లిపిలో దించేసిన పుస్తకాలు వస్తున్నాయి. మాటలు రాని ఏడాదిన్నర పిల్లలు ముందు పలికేవి ఈ చప్పుళ్లే. బుడుంగు అని పుస్తకంలో విన్న పిల్ల బకెట్లో చెంబు వేసి అదే మాట అంటుంది. మీ దగ్గర ఇప్పటికే ఉన్న పుస్తకంలో ఇంగ్లీషు చప్పుళ్లు ఉంటే పెన్సిలుతో పైన తెలుగు చప్పుడు రాసుకోండి. ఇంట్లో ఎవరు చదివినా ఒకేలా చదువుతారు. చదివే మాట రోజుకో రకంగా మారితే ఈ వయసు పిల్లలు ఒప్పుకోరు.

చుట్టరికాల దగ్గర కూడా అనువాదం జారుతుంది. ఇంగ్లీషులో అమ్మ తల్లికీ, నాన్న తల్లికీ ఒకటే మాట. తెలుగులోకి వచ్చేసరికి అనువాదకులు అమ్మమ్మో నానమ్మో ఏదో ఒకటి ఎంచుకోవాలి, కొందరు ఎటూ తేల్చకుండా "బామ్మ" అని రాసి వదిలేస్తారు. మీ పిల్ల పిలిచే పిలుపే చదవండి: నాయనమ్మ, అవ్వ, జేజి, ఏదైతే అది. గేదెను బర్రె అనే ఇంట్లో బర్రె అనే చదవాలి. సొరకాయను ఆనపకాయ అనే చోట ఆనపకాయ అనే చదవాలి. అచ్చయిన మాటకు అన్యాయం చేస్తున్నామనుకోనక్కర్లేదు. మూడేళ్ల పిల్లకు పుస్తకం తన ఇంటి మాటలో వినపడడం ముఖ్యం. అయిదేళ్లు దాటి, తనంతట తాను అక్షరాలు కూడబలుక్కునే దశ వచ్చాక మాత్రం అచ్చులో ఏముంటే అదే చదివి, "మనం దీన్నే బర్రె అంటాం" అని పక్కన చెప్పాలి. లేకపోతే వేలు పెట్టిన అక్షరానికీ విన్న మాటకూ పొంతన కుదరక తికమక పడతారు.

అచ్చు గురించి ఒక్క మాట. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకానికి పెట్టిన వరుసల ఎడమే తెలుగుకీ ఉంచేస్తే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగిలి, రెండూ కలిసి మూడో అక్షరంలా కనపడతాయి. చదవడం నేర్చుకునే పిల్లకు ఇది పెద్ద అడ్డంకి. అక్షరం 18 పాయింట్లకు తగ్గకూడదు, 22 ఉంటే సుఖం. వరుసల ఎడం అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ముదురు రంగు బొమ్మ మీద నల్లటి అక్షరాలు వేసినవి, మాట సగంలో విరిగి కింది వరుసలోకి వెళ్లినవి వద్దు.

ఏ ప్రచురణలు చూడాలి? ధర తక్కువ, రకం ఎక్కువ కావాలంటే ప్రథమ్ బుక్స్. 2004లో బెంగళూరులో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ ఇది. పుస్తకాలను నాలుగు స్థాయిలుగా విడదీస్తుంది. మొదటి స్థాయి సుమారు 250 మాటల లోపు, రెండోది 600 వరకు, మూడోది 1500 వరకు, నాలుగోది ఆపైన. ఈ స్థాయిలు చదవడం నేర్చుకునే పిల్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి, ఒళ్లో కూర్చుని వినే పిల్లను కాదు. అందుకే మొదటి స్థాయి అని ఉన్నంత మాత్రాన రెండేళ్ల పిల్లకు సరిపోతుందనుకోకండి. అందులోనే పేజీకి ఒక్క వాక్యం ఉన్నవి వెతకాలి. అలాగే, నాలుగేళ్ల పిల్ల ఒళ్లో కూర్చుని వినేందుకు రెండో స్థాయి కథ చక్కగా సరిపోతుంది, తనే చదవడానికి మాత్రం కాదు.

1996లో మొదలైన తూలికలో బొమ్మల పని ఎక్కువ శ్రద్ధగా ఉంటుంది. ప్రథమ్ కంటే ధర ఎక్కువ. కొన్ని శీర్షికలు ఇంగ్లీషు, తెలుగు ఒకే పేజీలో ఉండే ద్విభాషా పుస్తకాలు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతున్న పిల్లలకు, తెలుగు చదవలేని తల్లో తండ్రో ఉన్న ఇళ్లకు ఇవి బాగా ఉపయోగపడతాయి. ఒక చిక్కుంది. ఇంగ్లీషు చదవడం వచ్చిన పిల్ల కళ్లు ముందు అటే పరుగెడతాయి. రెండు వేళ్ల వెడల్పు కాగితం ముక్క కత్తిరించి, చదువుతున్నంతసేపూ ఇంగ్లీషు వరుస మీద పెట్టండి. తెలుగు విన్నాక, అడిగితే అప్పుడు తీయొచ్చు.

నేషనల్ బుక్ ట్రస్ట్ 1957 నుంచి ఉంది. నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో వచ్చే పుస్తకాల్లో కొన్ని బొమ్మల పరంగా నిజంగా మంచివి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. పాత అనువాదాల్లో భాష కాస్త బడి వాచకంలా ఉంటుంది కనుక పైకి చదివే పరీక్ష ఇక్కడ తప్పనిసరి. పాఠం నచ్చకపోయినా బొమ్మలు బాగుంటే కొని, కథ మీ మాటల్లో చెప్పుకోవచ్చు.

సికింద్రాబాద్ తార్నాకలోని "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్ల గురించి విడిగా చెప్పాలి. సోవియట్ కాలపు పిల్లల పుస్తకాలను మళ్లీ తెలుగులో అందుబాటులోకి తెచ్చినవాళ్లు వీళ్లు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి తెలుగు రచయితలు, చిత్రకారులు చేసిన పిల్లల పుస్తకాలు కూడా వేశారు. మొదటే తెలుగులో పుట్టిన పుస్తకానికి ఉన్న లాభం పైకి చదవగానే తెలుస్తుంది. క్రియ ఉండాల్సిన చోట ఉంటుంది, పలుకుబడి సాఫీగా సాగుతుంది. వేరే ప్రచురణకర్తల పిల్లల పుస్తకాలు కూడా వీళ్ల దగ్గర దొరుకుతాయి కాబట్టి ఒకేసారి నాలుగైదు రకాలు పోల్చి చూసుకోవచ్చు. చేత్తో తిప్పి చూసి కొనడానికి మంచి అవకాశం డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో మొదలయ్యే విజయవాడ పుస్తక మహోత్సవం. శని, ఆదివారాల సాయంత్రం కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం వెళ్తే పైకి చదివి చూసుకునే తీరిక దొరుకుతుంది.

ఏడాదిలోపు పిల్లలకు కథ అక్కర్లేదు. మొదటి నెలల్లో వాళ్లకు బాగా కనపడేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే. నలుపు తెలుపుల్లో పెద్ద పెద్ద ఆకారాలు, చారలు, ఒక ముఖం, ఇవి చాలు. ఆరు నెలలు దాటగానే పుస్తకం నోట్లోకి వెళ్తుంది కాబట్టి మందపాటి అట్ట పేజీలుండే బోర్డు పుస్తకమే కొనాలి. కొనేముందు పేజీ అంచు మీద గోరుతో గీకి చూడండి. పైనున్న ప్లాస్టిక్ పొర లేస్తోందంటే నాలుగు రోజుల ఎంగిలికే అట్ట పొరలు పొరలుగా విడిపోయి ముక్కలు నోట్లోకి పోతాయి. మూలలు గుండ్రంగా ఉండాలి. మెరిసే పూత కంటే మెరుపు లేని పూత నయం, ట్యూబులైటు వెలుగు పేజీ మీద పడి బొమ్మ సగం కనపడకుండా పోదు.

ఏడాది నుంచి రెండేళ్ల మధ్య కావాల్సినవి తెలిసిన వస్తువుల బొమ్మలు. మన బోర్డు పుస్తకాల్లో స్ట్రాబెర్రీ ఉంటుంది, జామకాయ ఉండదు. దీనికి ఇంట్లోనే చేసుకునే పుస్తకం అన్నిటికన్నా మేలు. పది ఫొటోలు 4×6 అంగుళాల సైజులో తీయించండి: అమ్మ, నాన్న, తాత, పిల్ల గిన్నె, చెప్పులు, వీధి కుక్క, ఇంటి గుమ్మం. ఒక్కోదాన్ని విడిగా లామినేషన్ చేయించి, ఫొటో చుట్టూ అర సెంటీమీటరు ప్లాస్టిక్ అంచు వదిలి కత్తిరించాలి. ఫొటో అంచుదాకా కత్తిరిస్తే పొరలు విడిపోయి తడి లోపలికి దిగుతుంది. లామినేషన్ మూలలు చాకులా గీసుకుంటాయి, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించడం మర్చిపోకండి. ఎడమ పక్క అంచు మాత్రం రెండు సెంటీమీటర్లు వదిలి, అందులో రెండు చిల్లులు పొడిచి మెత్తటి రిబ్బనుతో వదులుగా కట్టండి. రిబ్బను కొసలు పొడుగ్గా వేలాడకూడదు.

అక్షరమాల పుస్తకాలు ఈ వయసుకు కొనకండి. ణ-తో మొదలయ్యే మాట లేక వీణ బొమ్మ వేస్తారు, ఋ దగ్గర ఋషి వస్తాడు. రెండేళ్ల పిల్లకు ఇవి బొమ్మలూ కావు, అక్షరాలూ కావు. మీట నొక్కితే పాట పాడే పుస్తకాల విషయంలో మా మాట కచ్చితం: లోపలి బటన్ సెల్ మూత స్క్రూతో బిగించి లేకపోతే ఇంట్లోకి రానివ్వద్దు. మింగితే ఆ చిన్న సెల్ రెండు గంటల్లోనే ఆహార నాళాన్ని కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

నాలుగేళ్లు దాటాక మాటల్లేని పుస్తకాలు తప్పకుండా పెట్టండి. పెద్దవాళ్లు వీటిని "చదవడానికేముంది ఇందులో" అని పక్కన పడేస్తారు, నిజానికి పిల్ల నోట తెలుగు వాక్యాలు రప్పించేవి ఇవే. తెలంగాణలోని చేర్యాలలో గీసే నకాషీ పటం, అంటే కథను గడులు గడులుగా గీసిన పొడుగాటి గుడ్డ చుట్ట, విప్పుతూ, గడి గడికీ కథ చెప్పే పద్ధతి మన నేల మీద ఎప్పటినుంచో ఉంది. మాటల్లేని పుస్తకంలో ఆ చెప్పే పని పిల్లది. "ఇదేంటి?" అని అడగకండి, "ఏనుగు" అని ఒక్క మాటతో ముగుస్తుంది. "ఇప్పుడేం చేస్తోంది? ఎందుకలా పరిగెత్తింది?" అని అడగండి.

డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఉంది. భాష తెలుగు, స్థాయి ఒకటి అని పెట్టి వెతికితే వచ్చే కథలను పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, ఉచితంగా అచ్చు వేసుకోవచ్చు. ఎవరైనా అనువదించి పెట్టగలిగే చోటు కావడంతో భాష నాణ్యత ఎగుడుదిగుడుగా ఉంటుంది. ముందు ఫోనులో చివరిదాకా చదివి, నచ్చితేనే అచ్చుకు పంపండి. ఫోనులోనే పిల్లకు చూపించడం మాత్రం వద్దు. వేలు తగలగానే పేజీ మారిపోతుంటే బొమ్మ మీద చూపు నిలవదు.

జెరాక్స్ షాపులో వేయించేటప్పుడు బుక్‌లెట్ అని చెప్పాలి. ఏ4 కాగితం మీద బుక్‌లెట్ వేస్తే ఒక్కో పేజీ సగానికి తగ్గి అక్షరాలు చీమల్లా అవుతాయి, ఏ3 కాగితం వాడమనండి. రెండు వైపులా అచ్చులో పొట్టి అంచు వైపు తిప్పేలా పెట్టకపోతే వెనక పేజీ తలకిందులుగా వస్తుంది. పేజీలు నాలుగు చొప్పున లెక్కకు రావాలి: 16 పేజీలకు నాలుగు కాగితాలు. కాగితం మందం 100 జీఎస్‌ఎం అయితే వెనక బొమ్మ ఇవతలికి కనపడదు. చివర రచయిత, చిత్రకారుల పేర్లున్న పేజీ తీసేయకండి. ఉచితంగా వాడుకోవడానికి అనుమతిలో ఉన్న షరతు అదే.

ఇక చిరుగులు. పల్చటి బొమ్మల పుస్తకాలన్నీ మధ్యలో రెండు పిన్నులతో నిలబడతాయి, మొదట ఊడేది నడిమి కాగితమే. సెలోటేపు వేస్తే ఏడాది తిరిగేసరికి పసుపుపచ్చగా మారి జిగురు పక్క పేజీకి అంటుకుంటుంది. పిన్నులు తీసేసి కుట్టడమే మంచి దారి. కాగితాలన్నీ సరిచేసి, మడత మీద మధ్యలో ఒక చిల్లు, దానికి పైన, కింద ఆరేసి సెంటీమీటర్ల దూరంలో ఒక్కో చిల్లు దబ్బనంతో పొడవండి. గుండీలు కుట్టే దారం రెండు పేటలుగా తీసుకుని, లోపలి నుంచి మధ్య చిల్లులో సూది బయటికి తీయండి. పై చిల్లులోంచి లోపలికి తెచ్చి, లోపలే మధ్య చిల్లును దాటించి, కింది చిల్లులోంచి బయటికి తీయండి. మళ్లీ మధ్య చిల్లులోంచే లోపలికి తేవాలి. రెండు కొసలూ లోపలున్న పొడుగు దారానికి చెరో పక్కన ఉండేలా చూసుకుని, బిగించి రెండు ముళ్లు వేయండి. ముడి లోపలే ఉండాలి. బయట ఉంటే పిల్లలు దాన్ని పట్టుకుని ఊడేదాకా లాగుతారు.